వీడియోలో మోకాలు చూపిస్తే సరిపోతుందా? మీ ప్రశ్నలకు ఎముకల డాక్టరు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి, ఎముకల డాక్టరుకి ఫోన్లోనో వీడియోలోనో చూపించుకోవడం గురించి. అందుకని మిగతావన్నీ వచ్చే సంచికకి ఆపి వీటిని ఒకచోట పెట్టాను. కొన్ని ప్రశ్నలు బాగా పొడుగున్నాయి, కుదించాను, రాసింది ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను.

ప్ర: డాక్టర్ గారూ, మా అమ్మకి 61 ఏళ్లు, ఏడాదిగా కుడి మోకాలు నొప్పి. హాస్పిటల్‌కి తీసుకెళ్తే సగం రోజు పోతుంది, పైగా కారెక్కి దిగడమే ఆవిడకి పెద్ద పనిగా ఉంది. వీడియోలో చూపిద్దామంటే మా అన్నయ్య ఒప్పుకోట్లేదు, మోకాలు పట్టుకుని చూడకుండా డాక్టరుకేం తెలుస్తుంది అంటాడు. ఎవరి మాట వినాలి?

జ: మీ అన్నయ్య మాటలో నిజం ఉంది గానీ మొదటిసారి చూపించుకోవడానికి అది అడ్డేం కాదండీ. మా పనిలో పెద్ద భాగం చెయ్యి వెయ్యకముందే అయిపోతుంది. నొప్పి మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, రాత్రి నిద్రలోంచి లేపేస్తుందా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోతుందా, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కాలు వదిలేసినట్టు అవుతుందా, పొద్దున లేవగానే బిగుసుకుపోతే ఎంతసేపటికి వదులుతుంది, ఇవన్నీ మాటల్లో తెలిసేవే. ఆ పొద్దుటి బిగుతు అరగంటలోపే పోతే మా ఆలోచన అరుగుదల వైపు వెళ్తుంది, గంట దాటినా వదలట్లేదంటే కీళ్లవాతం వైపు వెళ్తుంది, దాన్నిబట్టి రాసే పరీక్షలు కూడా మారిపోతాయి.

ఇక చూడ్డం సంగతి. ఫోన్ చేత్తో పట్టుకుని మోకాలి మీదకి వంగి చూపించకండి, దాదాపు అందరూ చేసేది అదే, నాకు ఊగే చర్మం తప్ప ఏమీ కనపడదు. మోకాలి ఎత్తులో ఏదైనా స్టూలు మీద ఫోన్ ఆనించి పెట్టండి, అమ్మ రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడాలి, వెలుతురు ఆవిడ మీద పడాలి, వెనక కిటికీ ఉంటే మనిషి నల్లటి నీడలా అయిపోతుంది. తొడ సగం దాకా రెండు కాళ్లూ కనపడే బట్టలు వేసుకోమనండి, రెండూ ఎందుకంటే నొప్పున్న మోకాలిని బాగున్న మోకాలితో పోల్చుకోవాలి కదా. ముందు కెమెరా వైపు నడిచి రమ్మంటాం, తర్వాత వెనక్కి, తర్వాత అడ్డంగా. కాళ్లు దొడ్డిగా వంగాయా, ఒక కాలి మీద బరువు వెయ్యకుండా తొందరగా రెండో కాలు వేసేస్తున్నారా అన్నది నాలుగు అడుగుల్లో తెలిసిపోతుంది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంటాం. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమంటాం, కొందరు వేలు తీసుకెళ్లి సరిగ్గా లోపలివైపు కీలు గీత మీద పెడతారు, కొందరు అరచేత్తో చిప్ప అంతా రుద్ది చూపిస్తారు, ఆ రెండూ ఒకటి కావు.

ఒక చిన్న పరీక్ష మాత్రం తప్పకుండా చేయిస్తాను. కుర్చీలో కూర్చుని, మోకాలు ఉన్నచోటే ఉంచి, పాదాన్ని బయటివైపుకి తీసుకెళ్లమంటాను. అప్పుడు గజ్జలో పట్టేసిందంటే గొడవ మోకాలిది కాకుండా తుంటిది అయ్యుండొచ్చు. తుంటి కీలు అరిగినవాళ్లు మోకాలు పట్టుకుని రావడం మాకు మామూలే, పాపం మోకాలికి ఎక్స్‌రే మీద ఎక్స్‌రే తీయించుకుంటూ ఉంటారు, అన్నీ నార్మలే వస్తుంటాయి.

కీల్లో కొంచెం నీరు చేరిందా, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్ ఎంత వదులైంది, పాదంలో నాడి ఎలా కొట్టుకుంటోంది, ఇవి మాత్రం వీడియోకి అందవు, చెయ్యి పడాల్సిందే. అందుకే అమ్మ విషయంలో నేనైతే ముందు వీడియోలో చూసి, నిలబడి తీసే ఎక్స్‌రే దగ్గర్లోనే తీయించమని చెప్తాను. నిలబడి అన్నమాట మర్చిపోకండి, పడుకోబెట్టి తీస్తే కీలు మధ్య సందు ఉన్నదానికంటే బాగా కనపడి మోసం చేస్తుంది. వ్యాయామాలు మొదలుపెట్టించి, ఇంజెక్షనో ఆపరేషనో అనే దాకా వస్తే అప్పుడు ఎదురుగా చూస్తాను, అప్పుడు ఆ సగం రోజు పోయినా దానికో అర్థం ఉంటుంది. మోకాలు ఒక్కసారిగా ఉబ్బి, వేడిగా, జ్వరం కూడా ఉంటే మాత్రం స్లాట్ దొరికిందా లేదా అని చూస్తూ కూర్చోవద్దు, కీల్లో చీము చేరితే గంటలతో లెక్క, తిన్నగా హాస్పిటల్‌కే వెళ్లాలి.

ప్ర: వీడియో కన్సల్టేషన్లు అనేవి డాక్టర్ల సౌకర్యం కోసమే అని నా అభిప్రాయం. గుండె, చర్మం అయితే ఏమో గానీ ఎముకలకి కూడా ఇది పనిచేస్తుందని రుజువేదైనా ఉందా, లేక కోవిడ్‌లో అలవాటై అలా సాగిపోతోందా?

జ: అడగాల్సిన ప్రశ్నే. కోవిడ్‌లో అందరం తప్పక చేశాం, అది నిజం. కానీ దానికి ముందే నార్వే ఉత్తర కొసన ట్రోమ్సో యూనివర్సిటీ హాస్పిటల్ వాళ్లు 389 మంది ఎముకల పేషెంట్లని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుని హాస్పిటల్‌కి పిలిచి, ఇంకో గుంపుని వీడియోలో చూశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. డాక్టర్ల అంచనాలో వీడియోలో చూసిన వైద్యం నాణ్యత తక్కువేం కాలేదు. అక్కడ దూరాలు ఎక్కువ, చలికాలం ప్రయాణాలు నరకం, అందుకే అవసరం కూడా ఎక్కువ.

అయితే ఈ ఫలితం చూపించి మనం ఇంట్లో సోఫాలో కూర్చుని చేసే కాల్ కూడా అంతే అంటే నేనొప్పుకోను. అక్కడ పేషెంటు వెళ్లింది తన ఊరికి దగ్గర్లో ఉన్న చిన్న వైద్య కేంద్రానికి, ఎక్స్‌రే అక్కడే తీశారు, ట్రైనింగ్ ఉన్న నర్సు పక్కనే నిలబడి డాక్టరు చెప్పినట్టు కాలు పట్టుకుని వంచి చూపించింది. అంటే చెయ్యి ఉంది, అది డాక్టరుది కాదు, అంతే తేడా. ఆ చెయ్యి లేని వీడియోకి ఆ మార్కులన్నీ వెయ్యకూడదు. మీకు దగ్గర్లో ఫిజియోథెరపిస్టో నర్సో ఉండి, వాళ్ల దగ్గర కూర్చుని పెద్ద డాక్టరుకి వీడియో చేసే ఏర్పాటు ఉంటే నా ఓటు దానికే.

ప్ర: ఎక్స్‌రే ఫోటో పంపిస్తే డాక్టరు గారు సరిగ్గా లేదు మళ్లీ పంపండి అంటున్నారు. ఎలా తియ్యాలి సార్?

జ: ఫిల్ముని ట్యూబ్‌లైటుకి పట్టుకుని తీసి ఉంటారు, అందులో సగం లైటే వస్తుంది. కంప్యూటర్లో తెల్లటి ఖాళీ పేజీ ఫుల్ స్క్రీన్ పెట్టి దాని మీద ఫిల్ము ఆనించి, గదిలో లైట్లు ఆర్పి, ఫ్లాష్ లేకుండా, వంకర లేకుండా ఎదురుగా తియ్యండి. ఫిల్ము మొత్తం రావాలి, మూలన ఉండే పేరు, తేదీ, కుడా ఎడమా అనే గుర్తుతో సహా. ముందు నుంచి తీసింది, పక్క నుంచి తీసింది రెండూ పంపండి, ఒక వైపు నుంచి అసలు కనపడని ఫ్రాక్చర్ రెండో వైపు నుంచి బ్రహ్మాండంగా కనపడుతుంది. మెసేజ్ యాప్‌లో ఫోటోలా పంపితే నాణ్యత తగ్గించేస్తుంది, డాక్యుమెంట్‌లా అటాచ్ చేయండి. వీటన్నిటికంటే మేలైంది ఎక్స్‌రే తీసినచోటే సీడీనో లింకో అడిగి తీసుకోవడం, దాంట్లో మేం వెలుతురు పెంచుకుని, పెద్దది చేసుకుని, కోణాలు కొలుచుకుని చూసుకోవచ్చు.

ప్ర: మా అబ్బాయి నిన్న ఆడుకుంటూ పడితే ముంజేయి విరిగిందని పిండికట్టు వేశారు. రాత్రి నుంచి నొప్పి పెరుగుతోంది, వేళ్లు ఉబ్బాయి, సాగదీయబోతే అరుస్తున్నాడు. నొప్పి మందు రెండో డోసు కూడా వేశాం. రేపు వీడియో అపాయింట్‌మెంట్ ఉంది, అప్పటిదాకా ఆగొచ్చా?

జ: ఆగకూడదు. ఈ ఉత్తరం చూడగానే ఫోన్ చేసి ఇదే చెప్పాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ వేస్తున్నాను.

విరిగిన చెయ్యి కట్టు పడ్డాక రోజు రోజుకీ కాస్త కాస్త తగ్గాలి. మందు వేసినా పెరుగుతోందంటే, అందులోనూ ఇంకొకళ్లు వేళ్లని మెల్లిగా వెనక్కి చాపితే ముంజేతిలో ప్రాణం పోయేంత నొప్పి వస్తోందంటే, లోపల కండరాల గదుల్లో ఒత్తిడి పెరిగిపోతూ ఉండొచ్చు. మేం కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. కొన్ని గంటలు అలాగే వదిలేస్తే కండరం చచ్చిపోతుంది, మళ్లీ రాదు. వేళ్లు పాలిపోవడం, తిమ్మిరెక్కడం, కదలకపోవడం ఆలస్యంగా వచ్చే గుర్తులు, అవి వచ్చేదాకా చూడకూడదు. మణికట్టు దగ్గర నాడి బాగానే కొట్టుకుంటోంది కదా అని ధైర్యం తెచ్చుకుంటారు కొందరు, ఇందులో నాడి చివరిదాకా బాగానే ఉంటుంది, దాని మాట నమ్మొద్దు. క్యాజువాలిటీకి వెళ్లి కట్టు పూర్తిగా, లోపలి దూదితో సహా చర్మం కనపడేదాకా విప్పమని అడగండి. పైపైన చీల్చి వదిలేస్తే లాభం లేదు.

మామూలుగా నడుస్తున్న కట్టుకి వీడియో బాగానే పనికొస్తుంది. కట్టు మెత్తబడిందా, అంచు ఎక్కడైనా గుచ్చుకుంటోందా, వేళ్లు గుప్పెట ముడిచి తెరుస్తున్నాడా, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడుతోందా, ఇవన్నీ చూపించొచ్చు. దురదకి లోపల పుల్లలు, స్కేళ్లు పెట్టనివ్వకండి, కట్టు విప్పాక లోపల పుండ్లు కనిపిస్తున్నాయి.

ప్ర: నాన్నగారికి మోకాలు మార్పిడి అయ్యి మూడు వారాలైంది. మోకాలు ఇంకా వేడిగా, కొంచెం ఎర్రగా ఉంది. రోజూ ఫోటో తీసి డాక్టరుకి పంపిస్తున్నాను, పర్లేదు పర్లేదు అంటున్నారు. నాకు భయంగానే ఉంది. ఫిజియో కూడా వీడియోలోనే చేయిస్తున్నారు, అది సరిపోతుందా?

జ: కొత్త మోకాలు నెలల తరబడి వేడిగా ఉంటుందండీ, మూడు నెలలు, ఆరు నెలలు కూడా. చుట్టూ లేత ఎరుపు, పిక్క దాకా జారిన నీలం మచ్చలు మామూలే. ఫోటోలో నేను వెతికేది రంగు కంటే తడి. కుట్ల దగ్గర గుడ్డ ఇంకా తడుస్తోందా, గాయం అంచు ఎక్కడైనా విచ్చుకుందా, నిన్నటి ఎరుపుకి పెన్నుతో గీత గీస్తే ఇవాళ గీత దాటిందా. రోజూ ఒకే వెలుతుర్లో, ఒకే దూరం నుంచి తీస్తేనే పోల్చుకోవడానికి వీలవుతుంది, ఒకరోజు పగటి వెలుతుర్లో, ఇంకోరోజు రాత్రి పసుపు లైటు కింద తీస్తే ఎరుపు ఉందో లేదో దేవుడికి తెలియాలి.

గాయం కారుతుంటే మాత్రం ఫోన్లో యాంటీబయాటిక్ రాయించుకోవద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను. ఆపరేషన్ చేసిన సర్జన్ చూడకముందే మందు మొదలుపెడితే, తర్వాత కీల్లోంచి నీరు తీసి టెస్టుకి పంపినప్పుడు క్రిమి దొరకదు, పైన మానినట్టు కనపడుతుంది, లోపల లోహం చుట్టూ అది స్థిరపడిపోతుంది. కారుతోందంటే మనిషి వెళ్లాల్సిందే, రేపు ఎల్లుండి అనకుండా.

రెండోది పిక్క. ఆపరేషనైన కాలు ఎలాగూ వాస్తుంది, దాంట్లో రక్తం గడ్డకట్టిన వాపు ఏదో మామూలు వాపు ఏదో వీడియోలో ఎంత పెద్ద డాక్టరైనా తేల్చలేడు, రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ కావాలి. వాపు కొత్తగా పెరిగి పిక్క నొప్పెడుతుంటే అదే రోజు వెళ్లండి. ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చాయా, అంబులెన్సే.

వీడియోలో ఫిజియో గురించి బెంగ వద్దు. కెనడాలోని క్యూబెక్‌లో మోకాలు మార్పిడి అయిన 205 మందిలో కొందరికి ఇంటికొచ్చి, కొందరికి వీడియోలో వ్యాయామాలు చేయించి పోల్చారు, 2015లో వచ్చింది ఆ స్టడీ, వీడియో వాళ్లు వెనకబడలేదు. కాకపోతే మోకాలు ఎంత వంగుతోందో చెప్పేటప్పుడు అందాజాగా చెప్పకండి. నాన్నగారిని పడుకోబెట్టి, మడమ నెమ్మదిగా వెనక్కి జరుపుకోమని, వంగినంత వంగాక పక్క నుంచి, ఫోన్ సరిగ్గా మోకాలి ఎత్తులో పెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా వచ్చేలా ఫోటో తియ్యండి. పైనుంచి తీస్తే కోణం తప్పు వస్తుంది. అలాగే మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి కాలు చాపించి ఇంకోటి తియ్యండి. అందరూ వంగడం మీదే పడతారు గానీ మోకాలు పూర్తిగా చాపలేకపోతే జీవితాంతం కుంటుతూ నడవాలి, దాని గురించి అడిగేవాళ్లే తక్కువ.

ప్ర: పాదం మెలిక పడి బయటివైపు ఎముక విరిగింది. ఎమర్జెన్సీలో బూటు వేసి పంపించారు. రెండ్రోజుల తర్వాత హాస్పిటల్ నుంచి నర్సు ఫోన్ చేసి మీరు మళ్లీ రానక్కర్లేదు, ఇలా ఇలా చేసుకోండి అని చెప్పింది. విరిగిన ఎముకని డాక్టరు చూడకుండానే వదిలేశారా? ఇది నిర్లక్ష్యం కాదా?

జ: మీ ఎక్స్‌రేని డాక్టరు చూశాకే ఆ ఫోన్ వచ్చి ఉంటుంది. దీన్ని వర్చువల్ ఫ్రాక్చర్ క్లినిక్ అంటారు, స్కాట్లండ్‌లో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో 2011లో మొదలైంది, తర్వాత చాలాచోట్లకి పాకింది. సీనియర్ సర్జన్, నర్సు కలిసి కూర్చుని ముందురోజు ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల ఎక్స్‌రేలు, నోట్సు చూస్తారు, ఎవర్ని పిలవాలి, ఏ స్పెషలిస్టు దగ్గరికి పంపాలి, ఎవరికి ఫోన్లో చెప్తే చాలు అని విడదీస్తారు. అంతకుముందు అందరూ వచ్చి గంటలు గంటలు కూర్చుని, చివరికి రెండు నిమిషాల్లో బాగానే ఉంది వెళ్లండి అనిపించుకుని వెళ్లేవాళ్లు.

కొన్ని ఫ్రాక్చర్లు వాటంతటవే అతుక్కుంటాయి, మనం చెయ్యాల్సింది చెడగొట్టకుండా ఉండటమే. చిటికెన వేలి వైపు పాదం ఎముక మొదట్లో చిన్న ముక్క ఊడటం అలాంటిదే, నొప్పి ఓర్చుకోగలిగినంత బరువు వేసి నడవొచ్చు, ఆరు వారాలకి చాలావరకు కుదుటపడుతుంది, వాపు ఇంకొన్నాళ్లు ఉంటుంది. అదే ఎముక ఇంకాస్త ముందుకి విరిగితే అక్కడ రక్తప్రసరణ తక్కువ, సరిగా అతక్కపోవచ్చు, అలాంటివాళ్లని పిలుస్తారు. మీరు చూసుకోవాల్సింది, ఫోన్ పెట్టేసే ముందు రెండు విషయాలు అడిగారా లేదా, ఎన్నాళ్లకి తగ్గకపోతే మళ్లీ ఫోన్ చెయ్యాలి, ఏ నంబరుకి చెయ్యాలి. అవి లేకుండా రానక్కర్లేదు అంటే అప్పుడు నిర్లక్ష్యం అనండి, నేనూ మీతో కలుస్తాను. ఇంకో సంగతి, మీకు షుగరు ఉండి పాదాలు మొద్దుబారి ఉంటే ఆ నర్సుకి ఫోన్ చేసి చెప్పండి. స్పర్శ తెలియని పాదానికి నొప్పిని బట్టి నడవండి అన్న సలహా పనిచెయ్యదు, వాళ్లని కళ్లెదుట పెట్టుకుని చూడాల్సిందే.

ప్ర: వయసు 44. నడుం నొప్పి, ఎడమ కాల్లోకి లాగుతోంది, నెలైంది. ఎమ్మారైలో రెండు చోట్ల డిస్క్ బల్జ్ అని వచ్చింది. ఆన్‌లైన్లో ఒక డాక్టరుకి రిపోర్ట్ పంపితే మూడు నిమిషాలు మాట్లాడి ఆపరేషన్ చేయించుకోండి అన్నారు. ఇంకో డాక్టరుకి కూడా ఆన్‌లైన్లోనే చూపించుకోవాలనుకుంటున్నాను.

జ: చూపించుకోండి, కానీ ఈసారి రిపోర్టుకి ముందు మిమ్మల్ని చూసే డాక్టరుకి. డిస్క్ బల్జ్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది కాస్త బయటికి ఉబ్బడం. నొప్పేమీ లేనివాళ్లకి తీసిన స్కాన్ల మీద 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది, అందులో 20 ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది, 80 ఏళ్లకి 84 శాతం. వాళ్లెవరికీ నడుం నొప్పి లేదు. నెత్తి మీద తెల్ల వెంట్రుక లాంటిదే అది చాలామందికి. కాబట్టి రిపోర్టులో మాట చదివి ఆపరేషన్ చెప్పడం కుదరదు, స్కాన్లో నొక్కుకుపోయిన నరం, మీ కాల్లో నొప్పి వెళ్లే దారి, మీ కాలి బలం, ఈ మూడూ ఒకే నరం పేరు చెప్పాలి.

ఇందులో చాలావరకు వీడియోలో చూడొచ్చు. మడమల మీద నడవమంటాం, ఎడమ పాదం ముందు భాగం కిందకి వాలిపోతోందంటే ఒక నరం. మునివేళ్ల మీద లేవమంటాం, అదీ ఒంటికాలి మీద, పది సార్లు, పక్కన గోడ పట్టుకుని, కుడి కాలు చేసినన్ని ఎడమ కాలు చెయ్యలేకపోతే ఇంకో నరం. వెల్లకిలా పడుకుంటే ఇంట్లోవాళ్లు కాలు నిటారుగా ఎత్తుతారు, ఎంత ఎత్తులో మోకాలి కిందకి నొప్పి జివ్వున పాకిందో చూస్తాం. మోకాలి కింద, చీలమండ దగ్గర సుత్తితో కొట్టి చూసేది మాత్రం కుదరదు, అందుకే వీడియోలో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు గానీ, కత్తి పట్టుకునే డాక్టరు మాత్రం మిమ్మల్ని ఎదురుగా చూశాకే పట్టుకోవాలి. కాల్లోకి లాగే నొప్పి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే చాలామందికి తగ్గుతుంది, మీకు నెలే అయింది, కాలు బలం తగ్గకపోతే తొందరేం లేదు.

తొందర ఉండేది ఒక్క సందర్భంలో. మూత్రం రాకుండా ఆగిపోవడమో తెలీకుండా పోవడమో, మలం మీద పట్టు తప్పడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లలోకీ నొప్పి దిగడం, వీటిలో ఏది కొత్తగా వచ్చినా వీడియో లేదు, రెండో అభిప్రాయం లేదు, అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకే. ఇవి చెప్పుకోవడానికి సిగ్గుపడి పొద్దున్నదాకా ఆగేవాళ్లున్నారు, అడగడానికి మొహమాటపడే డాక్టర్లూ ఉన్నారు, అందుకే ఇంత విడమర్చి రాశాను.

ప్ర: నేను వేరే దేశంలో ఉంటాను. అమ్మకి వీడియో కాల్ సరిగ్గా రాదు, చెవులు కూడా సరిగ్గా వినపడవు. ఆవిడ బదులు నేనే డాక్టరుతో మాట్లాడేసి మందులు రాయించొచ్చా?

జ: మీరు కాల్లో ఉండండి, అమ్మ కూడా ఉండాలి. మనిషిని చూడకుండా కొడుకు చెప్పిన నొప్పికి మందు రాయడం నాకు నచ్చదు, అమ్మ మీకు చెప్పే నొప్పి వేరు, మీరు కంగారుపడతారని దాచుకునే నొప్పి వేరు. అక్కడ పక్కింటివాళ్లో బంధువో ఎవరో ఒకరు ఫోన్ సరిగ్గా పెట్టి, అమ్మ చెవి దగ్గర నా ప్రశ్న మళ్లీ చెప్తే చాలు. ఆవిడ తూలితే పట్టుకోవడానికి కూడా ఒక మనిషి పక్కనుండాలి, నడవమని చెప్పి పడేస్తే ఆ తప్పు మాదే అవుతుంది. కాల్ రికార్డ్ చేసుకోవాలనుకుంటే ముందే అడగండి, అమ్మనీ, డాక్టరునీ.

ప్ర: మా పాపకి పుట్టుకతో పాదాలు లోపలికి తిరిగి ఉన్నాయి. వారం వారం కట్లు మారుస్తున్నారు. ప్రతి వారం ప్రయాణం పాపకి, నాకు ఇద్దరికీ కష్టంగా ఉంది. మధ్యలో ఒకటి రెండు వారాలు వీడియోలో చూపిస్తే కుదరదా?

జ: కట్ల దశలో కుదరదమ్మా. పొన్సెటి పద్ధతిలో ప్రతి వారం పాదాన్ని చేత్తో మెల్లిగా కొంచెం కొంచెం సరిచేసి ఆ స్థితిలో కట్టు వేస్తారు, ఆ చేతిదే వైద్యమంతా. మామూలుగా ఐదారు కట్లు పడతాయి, ఓర్చుకోండి. ఈలోపు ఇంటి దగ్గర మీరు రోజూ చూడాల్సింది పాప కాలివేళ్లు. కట్టు వేసి ఇంటికి రాగానే వేళ్లు ఎంతవరకు బయటికి ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా వేళ్లు లోపలికి వెళ్లిపోయి చివర్లు మాత్రమే కనపడుతుంటే, వేళ్లు పెరిగే వయసులో పొట్టివి కావు కదా, కట్టు కిందకి జారిందన్నమాట. జారిన కట్టు పాదాన్ని తప్పుగా నొక్కుతుంది, పుండు పడుతుంది, తర్వాత కట్టు నిలవడం ఇంకా కష్టమవుతుంది. ఆ ఫోటో డాక్టరుకి పంపండి, తీసేయించడానికి వెంటనే బయల్దేరండి.

కట్లు అయిపోయి బూట్లు, మధ్యలో కడ్డీ వచ్చాక వీడియో మీకు నిజంగా ఉపయోగపడుతుంది. మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు, ఆ తర్వాత నిద్రలో మాత్రం నాలుగైదేళ్లు వచ్చేదాకా వెయ్యాలి. పాదం మళ్లీ తిరగబడేది ఎక్కువగా ఈ బూట్లు మానేసినవాళ్లకే. మడమ బూటులో పూర్తిగా కిందకి దిగిందా అన్నది చూపించండి, కొన్ని బూట్లకి వెనక చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి మడమ కనపడాలి. పాప ఏడుస్తోందని తీసేసే ముందు ఒక కాల్ చెయ్యండి, చాలాసార్లు పట్టీ ఒక రంధ్రం బిగిస్తే సరిపోతుంది, వదులుగా ఉండి పాదం ఆడటం వల్లే ఒరుసుకుంటుంది.

ప్ర: వీడియోలో నొప్పి మాత్రలు రాసిచ్చారు. నాకు బీపీ ఉందని చెప్పడం మర్చిపోయాను, వాళ్లూ అడగలేదు. వేసుకోవచ్చా?

జ: ముందు మళ్లీ కాల్ చేసి చెప్పండి, ఆ తర్వాతే మాత్ర. మేం రాసే నొప్పి మందుల్లో చాలావాటికి బీపీ పెంచే గుణం ఉంది, కొన్ని బీపీ మాత్రలతో కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి, కడుపులో పుండు ఉన్నవాళ్లకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం. ఎదురుగా వెళ్తే మీ ఫైలు మా చేతిలో ఉంటుంది, వీడియోలో ఆ ఫైలు మీ దగ్గరే ఉండిపోతుంది, డాక్టరు అడగకపోయినా సరే మీరు వేసుకుంటున్న మాత్రల షీట్లన్నీ టేబుల్ మీద పరిచి కెమెరా ముందు పెట్టండి, వేరే డాక్టరు రాసినవి, మందుల షాపులో మీరే కొనుక్కున్నవి కూడా.